నీ గొంతుకు దించిన తీగలు

తమ్మీ,

నువ్వు జ్వరంతో పోయి నేటికి నెల. వాన తెరిపిచ్చిందని సిరోంచలో అందరిలాగే నేనూ ముక్కిన బొంతలన్నీ డాబా మీద ఎండలో వేశాను. బూజు పడుతుందేమోనని నీ గిటారునూ వాటి పక్కనే పెట్టాను. నాకేం తెలుసు?

ఈ నెలంతా రోజుకోసారి దాని తీగల మీద బొటనవేలు లాగేదాన్ని. నువ్వు చివరిసారి బిగించినట్టే పలికేది. ఇవాళ సాయంత్రం లోపలికి తెచ్చి మీటితే తీగలన్నీ శ్రుతి తప్పి తలోదారి పట్టాయి.

పక్కింటి పెళ్లికి చంద్రపూర్ నుంచి వచ్చిన బ్యాండు అతనికి చూపించాను.

"ఎండకు తీగలు సాగినయక్కా. అన్నీ కిందికి దిగినయ్. గింతదానికి పరేషాన్ ఎందుకు?" అంటూ, నేను వద్దనేలోపే మరలు తిప్పేశాడు. "ఇగ కరెక్ట్ అయింది, సూడు."

నీ గొంతు పైకి పోదని తీగల్ని ఎప్పుడూ కొంచెం దించి పెట్టుకునేవాడివి. ఎండ దించిందెంతో, నువ్వు దించుకున్నదెంతో అతనికేం తెలుసు? చాయ్ ఇచ్చి పంపాను.

నీ గిటారుతో ఇప్పుడు ఎవరైనా పాడొచ్చట. నీ గొంతుకే అందదు.

అక్క