అక్కకు ఎదురుగా ఉన్న కుర్చీ

పాత రేడియోలు విప్పి విద్య నేర్చుకుని, కంప్యూటర్లు కట్టి బతికిన నేను, బుద్ధి స్థిరంగానూ దగ్గు కొంచెం ఎక్కువగానూ ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా నా స్వార్జితం గురించి రాసుకున్న వీలునామా ఇది. డాక్టరు గారు నా ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూసి మాట మార్చారు. అందుకే ఆలస్యం చేయడం లేదు.

1. అన్నిటికన్నా ముందు, ఈ కాగితాన్ని వకీలు గారు చదవకూడదు. నా తమ్ముడు చదవాలి. మా ముందు గదిలో అక్కకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, ఆవిడ కోసం నేను కట్టిన పెట్టె మైకు దగ్గరగా, మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి. అలాంటి షరతు చట్టంలో నిలవదని వకీలు గారు నసిగారు. నిలవకపోతే పోనీ, వాణ్ణి మాత్రం కూర్చోబెట్టండి అన్నాను.

2. ఇల్లు, బ్యాంకులో ఉన్నదంతా సర్వహక్కులతో నా భార్యకు చెందవలసినది. ఆవిడ మిక్సీ మోటారు పీకి నేను ఇంకో యంత్రానికి బిగించినప్పుడు మాట్లాడ్డం మానేసింది గానీ అన్నం పెట్టడం మానలేదు. ఆవిడ రుణం తీరడానికి ఈ ఇల్లు చాలదు.

3. దుకాణం, మీటర్లు, సామాను నా కూతురికి. సోల్డరింగ్ ఐరన్ పిడికి చుట్టిన గుడ్డ మార్చకు తల్లీ. నా చెయ్యి కాలుతోందని చిన్నప్పుడు నీ గౌను చింపి నువ్వు చుట్టిందే అది.

4. నా యంత్రం మూత కూడా తీసి చూడకుండా, ఏ కాలేజీ అని అడిగి పంపేసిన కంపెనీ మేనేజరు గారికి నా ఆస్తిలో ఏమీ లేదు. కోపం ఉండేది, అది కూడా అరిగిపోయింది.

5. పెట్టె నా అక్కకు. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆవిడకు వినికిడి పోయింది. ఇంకా గట్టిగా మోగిస్తే వినబడుతుందనుకుని ఇంట్లో రేడియో విప్పాను. ఆవిడకు వినబడలేదు, రేడియో పాడైంది, నాకు ఈ పిచ్చి పట్టుకుంది. చివరికి మన మాట విని తెర మీద అక్షరాలుగా చూపించే పెట్టె కట్టాను. దుకాణంలో ఒంటరిగా కూర్చుని నా ఒక్కడి గొంతుతోనే దానికి మాటలు నేర్పాను. ఇంకెవరు మాట్లాడినా తెర మీద పిచ్చి అక్షరాలే వస్తాయి. సరిచేద్దామని కూర్చుంటే దగ్గు కూర్చోనివ్వడం లేదు. చావంటే నాకు పెద్ద భయం లేదు. నేను పోయాక అక్క ఖాళీ తెర చూస్తూ కూర్చుంటుందే, దానికి భయం.

6. ఇక తమ్ముడు. గోడకు అటువైపే ఉంటాడు. దుకాణానికి రంగులు వేయిస్తూ, నేను మొట్టమొదట కట్టిన కంప్యూటరును పాత ఇనుప సామాను వాడికి ఇచ్చేశాడు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది, దాచను. మాటా మాటా పెరిగింది. అప్పటినుంచి వాడు నా గడప తొక్కలేదు. మధ్యలో అక్కకు ఒక తమ్ముడు లేకుండా పోయాడు.

పోయిన వానాకాలం గోడ చెమ్మ గురించి వచ్చి, గుమ్మంలోనే నిలబడి నన్ను కడిగిపారేశాడు. “నీకు మనుషులెందుకు? మిషన్లుంటే చాలుగా!” అని అరిచాడు. ఆ తిట్లన్నీ ఒక్క అక్షరం పొల్లుపోకుండా తెర మీదికి వచ్చాయి. అక్క చదివి పడీ పడీ నవ్వింది. “ఒరేయ్, ఈ పెట్టెకి మీ ఇద్దరి గొంతూ ఒకటేరా! ఇంకాస్త తిట్టమను,” అంది. వాడు మొహం ఎర్రగా చేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు ఆవిడ గుమ్మం వైపు చూడటం నేను చూశాను.

కాబట్టి ఆ ఎదురు కుర్చీని నా తమ్ముడికి రాస్తున్నాను. రోజూ వచ్చి కూర్చునే హక్కు వాడిది. కూరగాయల ధరలు చెప్పినా, నన్ను తిట్టినా అక్కకు సంతోషమే. మిగతావాళ్ల గొంతులు పెట్టెకు నేర్పే పని నా కూతురు నిదానంగా చూసుకుంటుంది.

7. తమ్ముడూ, ఇన్నేళ్ల తర్వాత అక్కతో మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక నువ్వు ఆగిపోతావని నాకు తెలుసు. అందుకే ఇంత పొడుగు రాశాను. ఇందాకటినుంచి నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు, ఆవిడ చదువుతూనే ఉంది. ఇక కాగితం పక్కన పెట్టు. తలెత్తి అక్కను చూడు. మిగతాది నీ మాటల్లో చెప్పు.

తేదీ: నవంబరు 11, 2016
సంతకం: మీ అన్నయ్య

సాక్షులు:
ఎదురింటి టైలరు, పెట్టెకు దుమ్ము పడకుండా గుడ్డ కుట్టినవాడు
మా పళ్ల డాక్టరు, ఇప్పటికీ పాత రేడియోనే వింటున్నవారు