కత్తిరించిన దగ్గులు

గిరావీన్, సిడ్నీ
2000 ఆగస్టు 12

అమ్మకి,

వైశాలి నమస్కారాలు. ఇక్కడ నేనూ భానూ కులాసాగానే ఉన్నాం. నువ్వూ కులాసాగానే ఉన్నానని రాశావు గానీ ఆ ఒక్క ముక్కా నేను నమ్మలేదు. మూడు నెలలుగా గొంతు పట్టేసిందనీ, మిరియాల కషాయం తాగుతున్నాననీ, ఆ బొంగురు నువ్వు డబ్బింగ్ చెప్పే గయ్యాళి అత్తగారి పాత్రలకి బాగా అతికిందని డైరెక్టర్లు మెచ్చుకుంటున్నారనీ నువ్వే రాశావు. ఈ ఉత్తరం అందిన రోజే గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఊరికే చెబితే వెళ్ళే మనిషివి కాదు కాబట్టి కారణం కూడా రాస్తున్నాను. మధ్యలో పక్కన పెట్టకుండా చివరిదాకా చదువు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. నీ అల్లుడు భానుకి ఇంకా ఉద్యోగం దొరకలేదు. తేదీ 2000కి మారితే కంప్యూటర్లన్నీ కూలిపోతాయని ఇతనిలాంటి ప్రోగ్రామర్లని ఆఘమేఘాల మీద రప్పించారు. జనవరి ఒకటిన ఏ కంప్యూటరూ కూలలేదు, మార్చికల్లా వీళ్ళ కాంట్రాక్టులు కూలాయి. ఇప్పుడు ఇల్లు నా ఉద్యోగం మీదే నడుస్తోంది. వచ్చే నెల ఒలింపిక్స్, ఊరంతా రంగులు వేస్తున్నారు. నువ్వు పార్సెల్లో పెట్టిన కందిపొడి కస్టమ్స్ వాళ్ళు ఉంచేసుకున్నారు. నువ్వు కబుర్లు రికార్డు చేసి పెట్టిన క్యాసెట్ మాత్రం చేరింది.

"జపాన్ బొమ్మల చేత స్పానిష్ మాట్లాడించడానికి ఆస్ట్రేలియాలో కూర్చోవడమేమిటే?" అని అడిగావు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. మా పక్కనే ఫెయిర్‌ఫీల్డ్‌లో చిలీ నుంచీ ఉరుగ్వే నుంచీ వచ్చి స్థిరపడినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎర్నెస్టో అని ఒకాయన చిన్న స్టూడియో పెట్టుకున్నాడు. ఒక జపాన్ కథ తాలూకు బొమ్మల పుస్తకాలూ, దాని టీవీ సీరియలూ స్పానిష్‌లోకి మార్చి దక్షిణ అమెరికాకి పంపుతాడు. హైదరాబాదులో నేను సరదాకి చేసిన స్పానిష్ డిప్లొమా చూసి నన్ను పెట్టుకున్నాడు. పుస్తకాలకి మాటలు రాస్తాను. సీరియల్‌కి రికార్డయిన గొంతుల్లోంచి దగ్గులూ, గుటకలూ, ఊపిరి చప్పుళ్ళూ కంప్యూటర్లో కత్తిరించి శుభ్రం చేస్తాను.

ఆ పుస్తకాలు కుడి నుంచి ఎడమకి చదవాలి. మా స్పానిష్ పాఠకులకి అది ఇబ్బందని పేజీలన్నీ అద్దంలో బొమ్మలా తిరగేసి అచ్చువేశాం. నాలుగు సంపుటాలు బజారుకి వెళ్ళాక జపాన్ నుంచి మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది. వాళ్ళ కిమోనోకి బతికున్నవాళ్ళైతే ఎడమ అంచు పైకి వచ్చేలా కడతారట. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికేనట. బొమ్మలు తిరగేసేసరికి మా కథానాయిక నాలుగు సంపుటాల్లోనూ శవం ముస్తాబులో తిరిగింది. ఎర్నెస్టో పగలబడి నవ్వాడు. టీవీలో ఆ పాత్రకి గొంతిచ్చే పిలార్ ఆంటీ మాత్రం నవ్వలేదు. మెడలో శిలువ గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

పిలార్ ఆంటీది నీ వయసే. చిలీలో ఉన్నప్పుడు రేడియో నాటకాలు వేసేది. మైకు ముందు చెప్పులు విడిచి నిలబడడం కూడా నీలాగే. ఏప్రిల్‌లో, పంతొమ్మిదో ఎపిసోడ్‌లో, ఆమె వాక్యం చివర ఊపిరి దేనికో గీసుకున్నట్టు వినిపించింది. చిన్నప్పుడు కోడంబాకం సినిమా స్టూడియోల్లో నువ్వు నాతో ఒక ఆట ఆడేదానివి. కళ్ళు మూసుకుని, ఊపిరి మాత్రం విని, అది ఎవరిదో చెప్పాలి. నువ్వు ఒక్కసారీ ఓడలేదు. ఆ చెవే నాకూ వచ్చింది. ఆంటీ గొంతులో ఏదో ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

తెలిసి, కత్తిరించాను. ఆ గీసుకునే చప్పుడు మరీ ఎక్కువైన చోట పాత ఎపిసోడ్లలోంచి అదే మాట తెచ్చి అతికించాను. జూన్ వచ్చేసరికి ఒక్కో సీన్లో సగం మాటలు పాతవే. ఆంటీకి చెప్పాలా వద్దా అని ఇంట్లో భానుని అడిగాను.

"వైశూ, నీకెందుకా గొడవ? నువ్వేమన్నా డాక్టరువా? ఆవిడ మానేసిందంటే సిరీస్ క్యాన్సిల్, నీ జాబ్ గోవిందా. సీజన్ అయ్యేదాకా క్వైట్‌గా ఉండు," అన్నాడు.

తప్పు అతని మీదికి నెట్టను. ఆ జవాబు వినాలనే అడిగాను.

ఒకరోజు ఆంటీకే అనుమానం వచ్చింది. మర్నాడు రికార్డింగు మానేసి డాక్టరుకి చూపించుకుంటానంది. అంతలో, ముందు ఒకసారి వినిపించు అంటూ నా కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. నేను శుభ్రం చేసిన టేపు పెట్టాను. అసలు టేపు అక్కడే, నా చేతికి అందేలాగే ఉందమ్మా. ఆమె చివరిదాకా విని హాయిగా నవ్వింది. "చూశావా అమ్మాయీ, పాతికేళ్ళ పిల్ల గొంతులా ఉంది. ఇది వట్టి జలుబే," అంది. మర్నాడు మామూలుగా రికార్డింగుకి వచ్చింది.

జూలై చివర్లో, గొంతు క్యాన్సరని తేలి, ఆమెకి ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇక మాట రాదు. హాస్పిటల్‌కి చూడ్డానికి వెళ్తే నోట్‌బుక్కులో రాసి చూపించింది. "ఎప్పుడు మొదలైందని డాక్టరు అడుగుతున్నాడు. ఎపిసోడ్లన్నీ మళ్ళీ విన్నాను. ఎక్కడా తేడా తెలియలేదు. నీకేమైనా తెలిసిందా?"

"లేదు ఆంటీ," అన్నాను.

ఆమె నా చెయ్యి నిమిరింది. ఆమెకి ఇలా అబద్ధం చెప్పిన సంగతి భానుకి కూడా చెప్పలేదు, నీకే చెబుతున్నాను. సిగ్గుగా ఉంది. అంతకన్నా భయంగా ఉంది.

భయం నీ క్యాసెట్ వల్ల. మంగళవారం లంచ్ టైంలో స్టూడియోలో దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి విన్నాను. నువ్వు పక్కింటి వసుంధర గారి కూతురి పెళ్ళి కబుర్లు చెబుతున్నావు, పెళ్ళివారి వంటవాణ్ణి తిడుతున్నావు. నేను వింటున్నాను, నవ్వుకుంటున్నాను. నా చెయ్యి అలవాటు కొద్దీ కత్తిరించుకుంటూ పోతోంది. కబుర్లు అయ్యాక చూస్తే పక్కన నీ దగ్గులూ ఊపిరులూ పదిహేడు ముక్కలు పోగుపడి ఉన్నాయి. అప్పుడు ఆ ముక్కలు విన్నాను.

ఈ ఉత్తరంతో ఒక క్యాసెట్ పంపుతున్నాను. అందులో మాటల్లేవు. రెండు ఊపిరులు ఉన్నాయి. ఒకటి ఏప్రిల్‌లో పిలార్ ఆంటీది, ఒకటి నీది. కళ్ళు మూసుకుని విను. వాటిలో నీది ఏదో చెప్పగలిగితే డాక్టరు దగ్గరికి వెళ్ళకు.

ఇట్లు,
నీ చెవితో పుట్టిన కూతురు,
వైశాలి