ఫరా ఉద్యోగం నిలిచింది

మాచర్ల

మెహ్జబీన్ ఆపాకు తమ్ముడు మన్సూర్ సలాం. ఫోన్లో చెబితే నీకు సగమే వినపడుతుంది, అందుకే కార్డు. ఆపా, నా బిడ్డ ఫరా ఉద్యోగం పోకుండా నిలిచింది! ఇంట్లో కూర్చుని చేస్తే కుదరదు, బెంగుళూరు ఆఫీసుకు రాకపోతే తీసేస్తామని కంపెనీ వాళ్లు నెల నుంచి పట్టుబట్టి కూర్చున్నారు. మెకానిక్కుని కదా, “పక్కనుంటేనే పని గదమ్మా” అని నేనూ వాళ్ల వైపే మాట్లాడాను.

మొన్న వెల్దుర్తి నుంచి రైతు బ్రహ్మయ్య, పొలంలో మోటారు చానా అరుస్తోందని ఫోన్ చేశాడు. “ఫోను మోటారు దగ్గర పెట్టు బాబాయ్” అని, ఆ మోత విని, ఆపి ఏ బోల్టు బిగించాలో షాపులోంచే చెప్పాను. బాగైపోయింది! “నువ్వు చేసిందేంది మరి అబ్బా?” అంది ఫరా. ఆ సంగతే వాళ్ల పెద్ద సారుకు చెప్పిందట. ఆయన నవ్వి, ఇంట్లోనే చేసుకో, నెలకో వారం వస్తే చాలన్నాడు. నా బిడ్డ గెలిచింది ఆపా!

నీ మోకాలు ఎట్లా ఉంది? ఫరా కొడుకు ఫహీమ్‌కి మూడేళ్లు, అది బెంగుళూరు పోయే ఆ వారం వాణ్ణి నేనొక్కణ్ణే పట్టలేను. ఒకటో తారీఖుకు బస్సెక్కు. పండుమిరప పచ్చడి తే. వాణ్ణి ఎత్తుకోవడం ఫోన్లో అయ్యేది కాదు. పిల్లలందరికీ నా దువా.