చీలిన గోరు అచ్చు

తమ్ముడూ,

పొద్దున్నే మబ్బు పట్టి చల్లగా ఉంది. మట్టి మెత్తబడిపోయిందని సాకు చెప్పకు. పళ్లెంలో ఉన్న అరవై పాలిమర్ మట్టి పూసలకూ ఓవెన్‌లో పెట్టకముందే రంధ్రాలు చెయ్యి. సూదిని తిప్పుతూ సగం దాకా దించు, మిగతా సగం అవతలి వైపు నుంచి దించు. నీలాగా ఒక్క పోటు పొడిస్తే అవతలి అంచు గరుగ్గా లేచి దారాన్ని కోస్తుంది. మొన్న మన సరుకు కొనే కొట్టావిడ మెడలోనే దండ తెగింది. మళ్లీ తెగితే మన పూసలు ముట్టనంది.

ఆ తెగిన దండ పూసలు నేను చేశానని మీ వదినతో చెప్పావట. అప్పుడు నేల మీద ఏరినవాటిలో ఒకదాని మీద చీలిన బొటనగోరు అచ్చు ఉంది. నా గోళ్లు బాగానే ఉన్నాయి. నీది చూసుకో.

ఆ పూస రాత్రి భోజనాల దగ్గర నీ కంచం పక్కన పెడతాను. మీ వదిన చూస్తే చూడనీ. ముగ్గురం కలిసే తిందాం. ఎవరూ ఏమీ అనక్కర్లేదు.