ఎన్ని గంటల లోపల

ఫిబ్రవరి 11

తమిళనాడులో ఉన్నా ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. చదవడం ఎవరికీ రాదు, బడిలో తమిళమే నేర్చుకున్నారు. నేను కుప్పం పక్క ఊళ్లో ఆరో తరగతి దాకా చదివాను. అందుకే ఈ నోట్‌బుక్ దాచాల్సిన పని లేదు.

పట్టుపురుగుల షెడ్డులోకి పోతే నాకు ఊపిరి ఆడదు. చేతుల మీద దద్దుర్లు లేస్తాయి. ముప్పై ఏండ్లుగా ఈ పురుగుల్లోనే ఉండాను, నాకు రాని జబ్బు నీకెట్ల వచ్చె, మల్బరీ ఆకు కన్నా లేతగా ఉండావే అంటుంది అత్త రంగనాయకమ్మ. అని, ముక్కుకు కొంగు చుట్టుకుని లోపలికి పోతుంది.

ఫిబ్రవరి 19

పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. చర్మం మార్చుకోవడానికి అవి తిండి మాని పడుకుంటే జ్వరం అంటారు. లేచాక వారం రోజులు ఆపకుండా తింటాయి. ఆ వారం మేం గేటు దాటం, బయటివాళ్లను రానివ్వం. దాటితే పురుగుకు రోగం తగులుతుందని అత్త భయం.

ఫిబ్రవరి 26

నిన్న షెడ్డులోనే పడిపోయాను. పెదవులు వాచాయి, గొంతు బిగుసుకుపోయింది. అత్త తలకు నీళ్లు పోసి, దిష్టి తీసి పడుకోబెట్టింది. పురుగులన్నీ తిండి మాని గూళ్లు కట్టడానికి ఎక్కాక, ఇవాళ మా ఆయన నన్ను ధర్మపురి ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ నన్ను అడిగిన వాటికి ఆయనే జవాబు చెప్పాడు. నేను తల ఊపాను. రక్తం తీశారు.

మార్చి 5

రిపోర్టు వచ్చింది. ట్రిప్టేజ్ 4.2. నార్మల్.

ఒంట్లో మాస్ట్ సెల్స్ అని ఉంటాయట. పడనిది తగిలితే అవి ఈ ట్రిప్టేజ్‌ను రక్తంలోకి వదులుతాయట. గంటా రెండు గంటల్లో బాగా పెరుగుతుందట, మర్నాటికి దిగిపోతుందట. మళ్లీ వస్తే ఆగకుండా రావాలంది డాక్టరమ్మ, రెండు గంటల లోపలైతే మంచిదంది. పీల్చుకునే పంపు ఇచ్చింది. షెడ్డులోకి అసలు పోవద్దంది.

ఆ చివరి మాట వాళ్లమ్మకు చెప్పొద్దన్నాడు ఆయన, దారిలో. ఇంకొక్క బ్యాచ్‌కి ఓర్చుకోమన్నాడు.

అత్త పక్కింటి ఇంద్రాణితో, నేను వినేలాగే అంది. రక్తమే చెప్పేసింది కదా, దీనికి ఒళ్లు వంగదు, సుమ్మా, ఊరికే నటిస్తాది అని.

ఏప్రిల్ 10

మళ్లీ నాలుగో జ్వరం అయింది. గేటు మూశారు.

ఏప్రిల్ 16, మధ్యాహ్నం, ఆసుపత్రి మంచం మీద

పది ఇరవైకి షెడ్డులో పెదవులు వాయడం మొదలైంది. గడియారం చూశాను. అత్త మళ్లీ నా తలకు పోసేందుకు నీళ్లు కాచడానికి లేచింది. నేను పంపు పీల్చి, ఆకు మరకల చీరతోనే గేటు తీశాను. కాలు బయట పెట్టినావంటే ఈ బ్యాచ్ నీ చేతిలో చచ్చినట్లే అని వెనక నుంచి అరిచింది. ఈ ఊళ్లో నేను ఒంటరిగా నడిచింది లేదు. బస్టాప్ కనపడేసరికి కళ్లు తిరిగాయి. అప్పుడు మోపెడ్ చప్పుడైంది. ఆయనే. ఎక్కమన్నాడు.

ఆసుపత్రిలో మొదట తొడకు సూది వేశారు. పన్నెండుకు పది నిమిషాలుండగా రక్తం తీశారు. టైము చీటీ మీద రాయమని నేనే అడిగాను. నీకు మాటలు వచ్చా అని నవ్వింది డాక్టరమ్మ.

ఏప్రిల్ 20

పురుగులు ఎప్పటిలాగే గూళ్లు కట్టాయి.

ఏప్రిల్ 24

15.6.

డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. మొదటిది లేకుంటే రెండోది ఎంత పెరిగిందో తెలిసేది కాదంది. అత్త ఊరంతా చెప్పి నవ్విన నార్మల్ అది.

ఇంటికి రాగానే ఆయన, ఇది ఇంక షెడ్డులోకి రాదమ్మా, ఆకు నేనే వేస్తాను అన్నాడు. అత్త కొంగు చుట్టుకుని షెడ్డు కడగడానికి పోయింది. చాలాసేపు దగ్గు వినిపించింది.

మే 29

పురుగులు తింటున్న వారం, మూడో రోజు. అత్త షెడ్డు నుంచి వచ్చి వంటింట్లో నా పక్కన కూలబడింది. చేతులు చూపింది. మోచేతుల దాకా దద్దుర్లు. ముప్పై ఏండ్లుగా ఇంతేనే అంది, మెల్లగా. పెదవులు అప్పుడే వాస్తున్నాయి. ఎన్ని గంటల లోపల పోవాలంటివే అని అడిగింది.

గడియారం చూసి, గేటు తీశాను.