నా ఆఖరి మాట చెప్పే హక్కు నా తోడికోడలికే ఇప్పించండి

విల్లుల నమోదు అధికారి గారి సమక్షమునకు,

అయ్యా,

విషయం: నా లివింగ్ విల్లులో నా తరఫున మాట చెప్పవలసిన మనిషిగా నేను రాసిన నా పెద్ద తోడికోడలి పేరును తమ కార్యాలయము తిరస్కరించినందున, సదరు పేరునే ఖాయపరచవలసినదిగా కోరుట గురించి.

మనవి చేసుకొనునది ఏమనగా, నేను మా కుటుంబపు లాండ్రీలో వెనక గదిలో ఇస్త్రీ చేయుదానను. నా ఊపిరితిత్తులు గట్టిపడుచున్నవనియు, ఇవి మళ్లీ మెత్తబడే రకము కావనియు డాక్టరు గారు తెలిపియున్నారు. కనుక నాకు తెలివి తప్పి, ఇక కోలుకోనని తేలినచో గొంతులో గొట్టము వేయరాదనియు, మిషను మీద ఉంచరాదనియు, నొప్పి తెలియకుండా మందు మాత్రము ఇవ్వవలెననియు విల్లు రాసితిని. నాకు మాట పడిపోయిన తర్వాత ఆ సంగతి డాక్టర్లకు గట్టిగా చెప్పుటకు ఒక మనిషి కావలెను. అక్కడ నా తోడికోడలి పేరు చూసి తమ గుమాస్తా గారు కాగితం వెనక్కి నెట్టారు. "ఆవిడకీ మీకూ పడదని మీరే అంటున్నారు కదమ్మా. మీ మంచి కోరేవాళ్ల పేరు రాయండి" అన్నారు.

నా మంచి కోరేవాళ్లతోనే అయ్యా నా భయమంతా. నాకు ఒక్కతే కూతురు. నా వేలికి సూది గుచ్చుకుంటే కట్టు కట్టేవాళ్లకంటే ముందు అది ఏడుస్తుంది. డాక్టరు వచ్చి ఏం చెయ్యమంటారని అడిగితే "ఏదో ఒకటి చెయ్యండి" అంటుంది. ఆ ఏదో ఒకటి ఎలా ఉంటుందో నేను కళ్లారా చూసితిని. కావున సదరు తోడికోడలి అర్హతలను ఈ దిగువ వివరించుచున్నాను.

1. జాలి లేకపోవుట. మా షాపులో ముందు కౌంటరు ఆమెది. గిరాకీలు వదిలేసి పోయిన బట్టలను తీసి పారేయాలంటే మా అందరికీ మనసొప్పదు. ఆమెకు ఒప్పుతుంది. నా భర్త చనిపోయిన వారంలోనే, నేను ఇస్త్రీ చేసి తగిలించుకున్న ఆయన కోటును తీసి, పాత బట్టలు అడగవచ్చినవాడి చేతిలో పెట్టింది. "మనిషే లేడు, కోటెందుకే? హ్యాంగరు కావాలి" అన్నది. ఆమె చెయ్యి వణకలేదు. ఆ కోటు కోసం ఆమెను నేను ఈనాటికీ క్షమించలేదు. నాకు ఇప్పుడు కావలసినది ఆ చెయ్యే.

2. మా అత్తగారి విషయము. నేను తల దువ్వుతుండగా అత్తగారు నాతో, "నన్ను గొట్టాలతో కట్టిపడెయ్యనివ్వకే" అన్నది. తీరా ఆ రోజు వచ్చేసరికి ఆసుపత్రి వరండాలో నేను ఆ మాటే చెప్పితిని. చుట్టాలందరి ముందు నా తోడికోడలు ఏమన్నదో మనవి చేసెదను. "చిన్నకోడలికి చాకిరీ బరువైంది. అందుకే పంపించెయ్యమంటోంది" అన్నది. అంతే, ఆ తర్వాత నా మాట విన్నవాడు లేడు. అత్తగారు గొట్టం పీక్కుంటున్నదని ఆమె చేతులు రెండూ మంచానికి కట్టారు. చలికాలమంతా అలాగే ఉంచారు. నేను ఒళ్లు తుడిచి పక్క మార్చేదానను. నా వంక చూసేది. ఎందుకే అని అడుగుతున్నట్టు చూసేది. తోడికోడలు మాత్రము నేను ఇస్త్రీ చేసిన బట్టలే కట్టుకుని వచ్చి, చూసి, పోయేది.

3. ఇందులో పగ ఉన్నదా అని తమరు అడగవచ్చును. ఉన్నది. అదే ఆసుపత్రిలో, అదే ఇనుప బెంచీ మీద ఆమె కూర్చోవలెను. డాక్టరు వచ్చి, "చెప్పాల్సింది మీరే కదా" అనవలెను. వెనక చుట్టాలు గుసగుసలాడవలెను. ఆపమంటే తోడికోడలిని చంపించిందని అంటారు. ఉంచమంటే నా పక్క ఆమే మార్చాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను పడిన మాట ఆమె కూడా ఒక్కసారి పడాలయ్యా. నేను చచ్చేలోగా నాకు వేరే కోరిక ఏమీ లేదు.

4. "మీ మీద కసితో మిషను మీదే ఉంచెయ్యమంటే?" అని గుమాస్తా గారు మంచి ప్రశ్న వేశారు. ఉంచదు. నేను పోతే నా చోట జీతానికి మనిషిని పెట్టుకోవచ్చును. నేను మంచాన ఉన్నన్నాళ్లు ఆ డబ్బు ఆసుపత్రికే పోవును గనుక వెనక గదిలో ఇస్త్రీ ఆమే చేయవలసివచ్చును. ఆవిరి దగ్గర ఆమె నిలబడలేదు. ఒకసారి నిలబడి పెళ్లికొడుకు చొక్కా కాలరు మాడ్చింది.

పై కారణముల వలన, నాకు పగ తీర్చుకునే ఓపిక ఉండగానే సదరు పేరును ఖాయపరచి ఉత్తర్వు ఇప్పించగలందులకు ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
లాండ్రీ వారి చిన్నకోడలు

తా.క.: ఒప్పుకున్నట్టు ఆమె సంతకం కూడా కావాలని గుమాస్తా గారు అన్నందున, ఈ అర్జీని ఇవాళ కౌంటరు దగ్గర ఆమెకే ఇచ్చాను. పగ ఎలాగూ తెలియాలి కదా అని దాచలేదు. గిరాకీ చొక్కా చేతికిచ్చి నిలబడే ఉన్నాడు, ఆమె మొత్తం చదివింది. ఇక మొదలుపెడుతుందని నేను కొంగు బిగించాను.

"అత్తయ్య నాకూ చెప్పిందే. నీకంటే ముందే చెప్పింది" అంది.

"మరి ఆ రోజు అలా ఎందుకన్నావు?"

"డాక్టరు నా మొహం చూసి అడిగాడు. ఆపెయ్యండి అనడానికి నాకు నోరు రాలేదు. నువ్వేమో గడగడా చెప్పేస్తున్నావు. ఒళ్లు మండింది, నీ మీదకు తోసేశాను." ఆ మాట అని కలం తీసుకుని సంతకం పెట్టేసింది.

"ఈసారి నోరొస్తుందా అక్కా?" అన్నాను.

"ఎందుకు రాదు? అత్తయ్యంటే నాకు ప్రాణం. నువ్వు నాకేమవుతావు?" అంది. అంటూనే చేతిలో ఉన్న గిరాకీ చొక్కాతో కళ్లూ ముక్కూ తుడుచుకుంది. ఆ గిరాకీ పాపం రసీదు అడక్కుండానే వెళ్లిపోయాడు.

అయ్యా, ఇన్నేళ్లుగా రాయి అనుకున్న మనిషి ఇలా అయిపోతే, ఈమెను నమ్ముకుని నేను పోయేదెలా? రేపు డాక్టరు అడిగితే ఈమె కూడా ఏదో ఒకటి చెయ్యండి అనేట్టే ఉంది. విల్లులో రెండో పేరుకు చోటు ఉంటుందా? ఉంటే, తమరికి నేను ఏమీ కాను కదా, తమ పేరు రాసుకోనిస్తారా?