ముర్రుపాలు, ఉగ్గుగిన్నె

సెప్టెంబరు 9, మంగళవారం
ఎండ. నిన్నటి వానకు కొట్టం చిత్తడి. పొద్దున్నే పేడ ఎత్తి బూడిద చల్లాను. బర్రెలు రెండూ బాగానే ఇచ్చాయి. స్వప్న నేరేడుచర్లలో, తల్లిగారింట్లో. తొలి కాన్పు, ఎనిమిదో నెల. ఫోన్‌లో — "ఒకటే తంతాంది. నీ లెక్క సప్పుడు జేయదనుకున్న..."

సెప్టెంబరు 11
బీపీ పెరిగిందని స్వప్నను మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయారు. బర్రెలను పక్కింటికి అప్పజెప్పి ఆటో ఎక్కాను. మధ్యాహ్నం ఆపరేషన్. ఆడపిల్ల. ఏడుపు విని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

సెప్టెంబరు 12
పాప గాజు పెట్టెలో. ఊపిరి బాగుంది. డాక్టరమ్మ చెప్పింది — రోగాలను తట్టుకునే శక్తి తల్లి రక్తం నుంచి బిడ్డకు చేరేది ఎక్కువగా చివరి వారాల్లోనేనట. పాప ముందే వచ్చింది, దాని వాటా తగ్గింది. మామూలు కాన్పులో తల్లి నుంచి అంటుకునే, మేలు చేసే సూక్ష్మజీవులు కూడా ఆపరేషన్‌లో అంతగా అందవు. కడుపుతో ఉండగా స్వప్నకు వేసిన ధనుర్వాతం సూది మాత్రం పాపనూ కాస్తుంది. "ఇన్‌ఫెక్షన్ రాకుండా చూసుకోవాలి. ముర్రుపాలు చుక్క కూడా పోనీయకండి."

లోపలికి పోతే అత్తమ్మ అప్పటికే ఆ పాలను దూదిలోకి పిండుతోంది. పక్కన తేనె సీసా. "పచ్చగ చీమోలె ఉన్నయ్. మా అమ్మ గూడ పారబోసింది. మూడొద్దులు పిల్లకు తేనె నాకిద్దాం."

బయటికి వచ్చాను. మళ్లీ పోయాను.
"అత్తమ్మా, బర్రె ఈనితే దుడ్డెకు ముందుగాల ఏం తాపుతవ్?"
"ముర్రుపాలే. అవి తాపకుంటె దుడ్డె బతుకుతదా..."
ఆగిపోయింది. నన్ను చూసింది.
"నా బిడ్డను బర్రెను జేస్తివా అల్లుడా!"
వార్డంతా నవ్వు. స్వప్న కడుపు పట్టుకుని — "నవ్వియ్యకుర్రి, కుట్లు గుంజుతున్నయ్!"
ఉగ్గుగిన్నె తెమ్మని అత్తమ్మే నన్ను పంపింది. సిస్టరు వేడినీళ్లలో మరిగించి ఇచ్చింది.

సెప్టెంబరు 13
తొమ్మిది చుక్కలు తాగింది. లెక్కపెట్టింది అత్తమ్మ.

సెప్టెంబరు 14
ముసురు. "నాయన గూడ ఎత్తుకోవాలె, అంగీ ఇప్పు" అంది సిస్టరు. సిగ్గుపడ్డాను. పాపను నా ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి దుప్పటి కప్పారు. బరువే లేదు. వెచ్చన. గంటసేపు కదల్లేదు — నేను.
స్వప్న: "పెండ్లి సూపులప్పుడు గూడ గింత బిగుసుకపోలేదు గదా..."

సెప్టెంబరు 15
పాప ఒళ్లు కాస్త వేడిగా ఉంది. కాలి నుంచి రక్తం తీసుకున్నారు. ఆ కాలు ఎంతని! రిపోర్టు రేపు. అత్తమ్మ తేనె సీసా పక్క మంచం వాళ్లకు ఇచ్చేసింది — పెద్దవాళ్లకేనని రెండుసార్లు చెప్పి మరీ.

సెప్టెంబరు 16
తెరిపి ఇచ్చింది. ఒళ్లు ఈ పూట చల్లబడినట్టే ఉంది... నా చేతికైనా. రిపోర్టు ఇంకా రాలేదు. పన్నెండు అన్నారు, ఒంటిగంట దాటింది. వరండాలో బెంచీ మీద రాస్తున్నాను. ఇప్పటిదాకా పాప రొమ్ము పట్టలేదు, అంతా ఉగ్గుగిన్నెతోనే.

అత్తమ్మ చెప్పులు లేకుండా ఉరికి వచ్చింది. "పట్టింది అల్లుడా! నోటితోటి పట్టింది! గుటక సప్పుడు ఇనొస్తాంది, రా!"

విన్నాను. తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఆగి ఆగి, గట్టిగా. స్వప్న కళ్లతోనే పిలిచింది. డాక్టరమ్మ రిపోర్టు కాగితం పట్టుకుని అటు నుంచి వస్తోంది, ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. పొద్దున రాసిచ్చిన మందుల చీటీ జేబులోనే ఉంది, షాపుకు తర్వాత పోతాను, ముందు లోపలికి.